అంబాసిడర్, పద్మిని: కాగితం మీద ఒకటి, రోడ్డు మీద ఒకటి

పాత కారు కొనాలనుకునేవారికి ఎదురయ్యే మొదటి సందేహం అంబాసిడర్ మేలా, ప్రీమియర్ పద్మిని మేలా అన్నదే. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి ఆధారంగా రూపొందిన అంబాసిడర్ 1950ల చివరి నుంచి 2014 వరకు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైంది. ఇటలీ ఫియట్ 1100 డి వారసురాలైన పద్మినిని బొంబాయి కుర్లాలో తయారుచేశారు. పేరు మారినా మనవాళ్లు మాత్రం దానిని చివరిదాకా ఫియట్ అనే పిలిచారు.

ఎక్కువకాలం అమ్ముడైన పెట్రోల్ నమూనాలనే తీసుకుంటే, అంబాసిడర్‌ది 1489 సీసీ ఇంజిన్, సుమారు 50 అశ్వశక్తి. పద్మినిది 1089 సీసీ, సుమారు 40. కాగితం మీద అంబాసిడర్‌దే పైచేయి అనిపిస్తుంది. కానీ పద్మిని బరువు 900 కిలోల లోపే ఉండగా అంబాసిడర్ 1,100 కిలోలు దాటుతుంది కనుక, టన్నుకు ఎంత శక్తి అని లెక్కకడితే రెండూ 45 అశ్వశక్తి దగ్గరే తేలుతాయి. ఒక్కరే నడుపుకుంటూ వెళ్లేటప్పుడు పికప్‌లో పద్మిని ఏమాత్రం వెనుకబడకపోవడానికి కారణం ఇదే. 

ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను పెట్టి ఘాట్ రోడ్డు పట్టినప్పుడు లెక్క మారుతుంది. 400 కిలోల లోడు పడితే పద్మిని బరువు దాదాపు సగం పెరుగుతుంది, అంబాసిడర్‌ది మూడో వంతు కంటే కాస్త ఎక్కువ పెరుగుతుంది. పైగా పెద్ద ఇంజిన్ తక్కువ వేగంలోనే బలంగా లాగుతుంది కాబట్టి, మలుపు మలుపుకూ గేరు తగ్గించవలసిన అవసరం అంబాసిడర్‌లో తక్కువ.

కుదుపులను ఆపడానికి వెనుక రెండింటికీ కమాన్‌కట్టలే. ముందువైపు అంబాసిడర్‌కు టోర్షన్ బార్లు (మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు), పద్మినికి చుట్ట స్ప్రింగులు ఉంటాయి. 15 అంగుళాల చక్రాలు, పొడవైన బండి కావడంతో గతుకుల రోడ్డు మీద వెనుక సీటులో కూర్చున్నవారికి అంబాసిడరే సుఖం. ఇరుకు సందులలో తిప్పుకోవడానికి మాత్రం తేలికైన స్టీరింగు ఉన్న పద్మినికి సాటి లేదు. నా దృష్టిలో ఒకటి కూర్చునేవారి కారు, మరొకటి నడిపేవారి కారు. బ్రేకుల విషయంలో ఎంచడానికి ఏమీ లేదు. రెండింటికీ నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, రెండింటికీ ముందుచూపు కావాలి.

1990లలో వచ్చిన, జపాన్ కంపెనీ ఇసుజు ఇంజిన్ గల అంబాసిడర్‌ను ఈ పోలికలోకి తేకూడదు. 1817 సీసీ, 75 అశ్వశక్తి, ఐదు గేర్లు గల ఆ బండి ముందు పద్మిని నిలవదు.

ఏది కొన్నా, ఇంజిన్ చప్పుడుకు మురిసిపోకుండా ముందు కాళ్లకింది మ్యాట్లు ఎత్తి రేకు చూడండి. ఇంజిన్‌ను పాత షెడ్డులో ఎవరైనా విప్పి బాగుచేస్తారు; తుప్పు తిన్న అడుగురేకును మార్చడమే ఖర్చుతో కూడిన పని.