అద్దె నవలలూ నీతికథలూ ఒకే అరలో: పూర్ణా మార్కెట్ వెనక పాత పుస్తకాల షాపు

విశాఖపట్నంలో పూర్ణా మార్కెట్ వెనక సందులో, ఎండుమిరపకాయల బస్తాలు దాటాక, మేడ మీద ఉంటుందీ షాపు. బోర్డు చిన్నది, మెట్లు మరీ నిటారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందనుంచి కేకేస్తే కుర్రాడు దిగొచ్చి ఏం కావాలో రాసుకుని వెళ్తాడు.

నేను సర్వీసంతా ప్రెస్సులో ప్రూఫులు దిద్దినదాన్ని. పుస్తకం చేతికొస్తే ముందు ఎవరు వేశారు, ఎక్కడ అచ్చయింది, ఎన్నో ముద్రణ అని చూస్తాను. కథ తర్వాత. అందుకే ఈ షాపు సర్దిన తీరు నాకు నచ్చింది. ఇక్కడ పుస్తకాలు రాసినవాళ్ల పేర్లతో కాకుండా వేసినవాళ్ల పేర్లతో ఉంటాయి. ఎమెస్కోకి ఒక అర, విజయవాడ ఏలూరు రోడ్డు ప్రచురణలకి రెండు, మద్రాసువి అన్నిటికన్నా పైన. యద్దనపూడి కావాలని వచ్చినవాళ్లు నాలుగు చోట్ల వెతుక్కోవాల్సిందే, తిట్టుకునేవాళ్లనీ చూశాను. కానీ అలా వెతుకుతున్నప్పుడే తెలుస్తుంది, ఏ కాలంలో ఆడవాళ్ల చేతికి ఏ పుస్తకం రావాలో ఎవరు తేల్చారో.

గుమ్మం పక్క అరకి మాత్రం ‘స్త్రీలు – పిల్లలు’ అని అట్టముక్క అంటించి ఉంది. చూడగానే చిరాకేసింది. “ఇదేం కలగలుపు బాబూ?” అంటే, “మా నాన్నగారు పెట్టింది మేడమ్, అలాగే ఉంచేశాం” అన్నాడు షాపతను. ఆ పెద్దాయన తెలిసి పెట్టారో తెలియక పెట్టారో గానీ, తొలినాళ్ల ప్రచురణకర్తల లెక్క సరిగ్గా అదే. 1853లో చిన్నయసూరి నీతిచంద్రిక మద్రాసులో అచ్చయి బడిపిల్లల చేతికి వెళ్లింది. ముప్పై ఏళ్ల తర్వాత, 1883లో, వీరేశలింగం గారు రాజమండ్రిలో స్త్రీల కోసం పెట్టిన పత్రిక పేరు సతీహితబోధిని. పేరులోనే హితబోధ ఉంది. పిల్లలకి నక్కా కాకీ కథలు, ఆడవాళ్లకి మంచి ఇల్లాలి కథలు. చదివాక బాగుపడాలి, అంతే. ఆయన్ని తప్పుపట్టను, ఆ మాత్రమైనా అచ్చు వేసినవాళ్లు ఎందరు? 1902లో ఏలూరు నుంచి హిందూసుందరి వచ్చేనాటికి ఆడవాళ్లే రాయడం మొదలెట్టారు. భండారు అచ్చమాంబ కథ అందులోనే అచ్చయింది.

పై అరలో గృహలక్ష్మి పాత సంచికలు బైండు చేసినవి కొన్ని దొరికాయి. 1928లో మద్రాసులో కేసరి గారు పెట్టిన పత్రిక. ఆయన అసలు వైద్యుడు. స్త్రీల కోసం లోధ్ర అనే మందు అమ్మేవారు. ప్రకటనలు కూడా నేను వదలకుండా చదువుతాను, వాటిలో అచ్చుతప్పులు తక్కువ. రచయిత్రులకి స్వర్ణకంకణం ఇచ్చి గౌరవించే ఆనవాయితీ పెట్టిందీ ఆయనే. మందు అమ్ముకోడానికే అనేవాళ్లుంటే అననివ్వండి, కంకణం మాత్రం బంగారమే కదా!

ఎమెస్కో అర దగ్గర జనం ఎక్కువ. ఎం. శేషాచలం అండ్ కో అనే పేరులోని అక్షరాలే ఎమెస్కో అయ్యాయి. పాకెట్ బుక్కులు, ఇంటికే పుస్తకాలు పంపే ఇంటింటా గ్రంథాలయం పథకం వాళ్లవే. పుస్తకం తెచ్చిపెట్టమని ఇంట్లో మగవాళ్లని బతిమాలే పని తప్పింది. ఈ నవలల్లో ఇల్లాలి ధర్మాల కన్నా కారున్న హీరో ఎక్కువ. హితబోధ పూర్తిగా పోలేదు, కానీ పిల్లల వైపు జరిగింది. 1947 జులైలో మొదలైన చందమామ తీసి చూడండి. 1952 నుంచి కొడవటిగంటి కుటుంబరావు గారి చేతిలో ఆ వచనం ఎంత తేటగా నడిచిందో! నీతి కథలోనే ఉంటుంది, చాలా కథల్లో చివర నీతి ఫలానా అని విడిగా చెప్పరు కూడా. ఆ పత్రిక నేర్పిన తెలుగు బడిలో ఎవరూ నేర్పలేదని నా నమ్మకం.

ఇక లోపాలు. మన ఊరి ఉప్పుగాలికి చందమామల పిన్నులన్నీ తుప్పు పట్టి మధ్యపేజీలు మరకలయ్యాయి. కొన్నిటికి పిన్ను పీకి దారంతో కుట్టించారు, అవి తీసుకోండి. అద్దె నవలలకి బైండింగు మోటు. అంచులు కోసేటప్పుడు పేజీ పై వరస అక్షరాలు కూడా కోసేశారు, ముద్రణ వివరాలున్న పేజీ చాలావాటికి లేనే లేదు. వేసినవాళ్ల పేరుతో సర్దే షాపులో ఇది క్షమించరానిది. వారపత్రికల సీరియల్ పేజీలు చింపి కుట్టించిన పుస్తకాల్లో వారాలు తప్పిపోయి ఉంటాయి, కొనేముందు పేజీ అంకెలు చూసుకోండి. ఒక పాత సంపుటాన్ని జిరాక్స్ అని చెప్పకుండా అసలు ధరకే అంటగట్టబోయారు. కాగితం వాసన చూసి అడిగితే వెంటనే సగానికి తగ్గించారు. అడగనివాళ్ల సంగతి?

అద్దెకైతే పుస్తకం ధర డిపాజిట్, వారానికి ఇరవై. ఆలస్యమైతే పెద్దగా విసుక్కోరు. చందమామలు అద్దెకివ్వరు, ధరలు మండిపోతున్నాయి, బేరం ఆడొచ్చు. ఫోన్‌లో డబ్బులు వేస్తే తీసుకుంటారు గానీ మేడ మీద సిగ్నల్ రాదు, చిల్లర పట్టుకెళ్లండి. బండి మార్కెట్ రద్దీలో పెట్టే చోటుండదు, పొద్దున్నే వెళ్తే మేలు. నవలల కోసం, గృహలక్ష్మి లాంటి పాత సంచికల కోసం వెళ్లేవాళ్లకి ఐదుకి నాలుగు స్టార్లు. పిల్లల పుస్తకాలకైతే రెండున్నరే. ఓనరు గారు ఇది చదువుతుంటే, ముందు ఆ మెట్ల మీద ఒక లైటు పెట్టించండి.