నటించిన ఉన్మాదం: ఆమ్లెత్, హామ్లెట్

పగ కోసం నటించే ఉన్మాదాన్ని అధ్యయనం చేయదలచినవారి ముందు ఇద్దరు డెన్మార్క్ రాకుమారులున్నారు: 1200 ప్రాంతంలో సాక్సో గ్రమాటికస్ లాటిన్‌లో రాసిన చరిత్రలోని ఆమ్లెత్, 1600 ప్రాంతపు షేక్‌స్పియర్ నాటకంలోని హామ్లెట్.

ఆమ్లెత్ పిచ్చికి కారణం సూటిగా ఉంటుంది. తండ్రిని చంపింది పినతండ్రి ఫెంగ్ అని అందరికీ తెలుసు కనుక, కొడుకు తెలివైనవాడని తేలితే అతని ప్రాణం దక్కదు. అందుకే ఒంటికి మురికి పూసుకుని, పొయ్యి పక్కన కూర్చుని, కొయ్య కొక్కేలు చెక్కి నిప్పుసెగకు గట్టిపరుస్తుంటాడు. అవేమిటని అడిగితే, తండ్రి పగ తీర్చే ఈటెలంటాడు. చుట్టూ ఉన్నవారు నవ్వుతారు. చివరికి తాగి పడిపోయిన సభికులపైకి గోడతెరను దించి, ఆ కొక్కేలతోనే బిగించి, మందిరానికి నిప్పంటిస్తాడు. ఇతడు అబద్ధమాడడు, నిజాన్నే ఎవరూ నమ్మని తీరులో చెబుతాడు.

హామ్లెట్ విషయం ఇంత తేలిక కాదు. ఇక్కడ హత్య రహస్యం, తోటలో నిద్రిస్తున్న రాజు, అంటే హామ్లెట్ తండ్రి, చెవిలో పోసిన విషం. కాబట్టి పిచ్చి నటించవలసిన అగత్యమే పెద్దగా కనబడదు. పైగా ఆ నటనే అనుమానాన్ని కొనితెస్తుంది: రాజు సలహాదారు పొలోనియస్ దాన్ని ప్రేమపిచ్చి అనుకుంటే, ఆ హత్య చేసి రాజైన పినతండ్రి క్లాడియస్ మాత్రం గొప్పవారి ఉన్మాదాన్ని కనిపెట్టకుండా వదలరాదంటాడు.

మోసపు పనితనం నేర్చుకోవడానికి ఆమ్లెత్ చాలునని నా అభిప్రాయం. వేషమెక్కడ ముగుస్తుందో తేలని కలవరాన్ని పట్టుకోవాలంటే మాత్రం హామ్లెట్ మూడో అంకమే చదవాలి. తెర చాటు మనిషిని అప్పుడే పొడిచి చంపినవాడు, తనది నిజమైన పిచ్చి కాదని తల్లికి నచ్చజెబుతుంటాడు.