నార్త్‌రెండ్‌లో ముందు ఎక్కడ దిగాలి: బోరియన్ టండ్రానా, హౌలింగ్ ఫ్యోర్డా?

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో శవసైన్యాల రాజు లిచ్ కింగ్ ఏలే మంచు ఖండం నార్త్‌రెండ్. 2008 నవంబర్‌లో వచ్చింది, 2022లో క్లాసిక్‌గా, అంటే పాత రూపంలోనే, మళ్లీ తెరిచారు. 68వ లెవెల్‌కి వచ్చిన కొత్తవాళ్లందరిదీ ఒకటే టెన్షన్, పడమటి టండ్రాకి వెళ్లాలా, తూర్పున ఫ్యోర్డ్‌కా అని.

నా ఓటు ఫ్యోర్డ్‌కే. అలయన్స్ (గేమ్‌లోని రెండు పక్షాల్లో ఒకటి) వాళ్లయితే మెనెథిల్ రేవులో ఓడెక్కితే చాలు, రెండు పక్కలా నిలువు కొండలు, పైన ఉట్‌గార్డ్ కోట, వెళ్తుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. కథ కూడా గట్టిదే. వ్రైకుల్ అనే రాక్షసాకారపు జాతి రాజు ఇమిరాన్, బలహీనంగా చిన్నగా పుట్టిన పిల్లల్ని చంపేయమని ఆజ్ఞాపించిన దృశ్యం ఒక క్వెస్ట్‌లో (గేమ్ మనకి అప్పగించే పని) మన కళ్లముందే నడుస్తుంది, చంపడానికి మనసొప్పని తల్లిదండ్రులు దాచేసిన ఆ పిల్లల సంతతే తర్వాత మనుషులయ్యారని తెలిసేసరికి, ఇంతసేపూ మనం నరుకుతూ వచ్చింది మన పూర్వీకుల జాతినేనా అనిపిస్తుంది.

టండ్రా మరీ తీసిపారేసేదేం కాదు. దిగీదిగగానే అక్కడి మన కోట మీద నెరూబియన్ పురుగుల దాడి, ఉత్తరాన డ్రాగన్ నాయకుడు మాలిగోస్ దండులోని నీలి డ్రాగన్లు, నెక్సస్ డంజియన్ (జట్టుగా వెళ్లి పోరాడే చోటు) కూడా అక్కడే. జంతువుల్ని చంపి జంతుప్రేమికులైన డ్రూయిడ్ల (ప్రకృతి మాంత్రికుల) దగ్గరికి వెళ్తే మాత్రం పలకరింపులుండవు, నేరుగా మీద పడతారు (నాకు భలే నచ్చింది). కానీ మధ్యలో ఖాళీ మైదానాలెక్కువ, ఒక క్వెస్ట్ నుంచి ఇంకోదానికి పరుగే పరుగు.