గుంటూరులో కిటికీ గట్ల మరమ్మతు: రెండు పొరల గోడ సంగతి తెలిసిన మేస్త్రి పని

కిటికీ లోపలి గట్టు పాడైందంటే మన ఊళ్లో సాధారణంగా చేసే మరమ్మతు ఒకటే. ఊడిన పెచ్చులు గీకేసి, కొత్త సిమెంటు మాలు వేసి, పైన గ్రానైట్ పలక పరిచి, పుట్టీ పట్టించి రంగు వేసి వెళ్తారు. తొమ్మిదంగుళాల మామూలు గోడకు ఇది కొంతకాలం ఆగుతుంది గానీ, మధ్యలో ఖాళీ వదిలి కట్టిన రెండు పొరల గోడకు మాత్రం ఇదే పద్ధతి కీడు చేస్తుంది. బ్రాడీపేటలోని మా మేడ గదుల ఉత్తరపు, పడమటి గోడలు అలాంటివే కావడంతో, ఆ తేడా తెలిసిన పనివాళ్ల కోసం చాలా వాకబు చేయాల్సి వచ్చింది. చివరికి దొరికిన మేస్త్రి బృందం రాతి పాలిష్‌లోనూ ఖర్చు లెక్కల్లోనూ నన్ను కొంత నిరాశపరిచినా, గోడ విషయంలో మాత్రం వారి పనితనాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను.

ఈ గోడల కట్టుబడి ఎలా ఉంటుందో చెప్పకపోతే ఆ పని విలువ అర్థం కాదు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలు రెండింటిని, నడుమ రెండంగుళాల ఖాళీ ఉంచి పక్కపక్కనే లేపి, అక్కడక్కడా ఇనుప కమ్మీలతో కలుపుతారు. మే నెల పడమటెండ గదిలోకి తగ్గి రావాలని మా నాన్నగారు ఇలా కట్టించారు. వానకు కూడా ఇది మంచి కాపు. ఇటుక ఎంత మంచిదైనా నీరు పీల్చకుండా ఉండదు. 24 గంటలు నానబెట్టాక తన బరువులో 20 శాతం దాకా నీరు పట్టినా మామూలు ఇటుకను భారతీయ ప్రమాణాలు ఒప్పుకుంటాయి. కాబట్టి బయటి పొర తడవడం సహజమే. ఆ తడి ఖాళీని దాటి లోపలి పొరను చేరకుండా, బయటి ఇటుకల వెనక వైపుగా కిందికి జారి, గోడ అడుగున వదిలిన సన్నని రంధ్రాల గుండా బయటికి పోవాలి. ఖాళీలో ఎక్కడైనా మాలు ముద్దో ఇటుక ముక్కో ఇరుక్కుంటే అదే తడికి వంతెన అవుతుంది. ఈ ప్రమాదం అన్నిటికంటే ఎక్కువగా ఉండేది కిటికీల దగ్గరే, ఎందుకంటే చట్రం కూర్చోబెట్టడానికి అక్కడ రెండు పొరలను కలపాలనిపిస్తుంది.

మా ఇంట్లో గతంలో మరమ్మతు చేసిన కాంట్రాక్టరు సరిగ్గా ఆ పనే చేశాడు. గట్టు కింద కనిపించిన ఖాళీని ఇటుక ముక్కలతో, మాలుతో దట్టించి పైన పలక వేశాడు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఉత్తరపు కిటికీల మీద జల్లు విడవకుండా కొట్టింది. ఆ తర్వాత పలక కింద చెమ్మ మరకలు దిగాయి, ఉప్పు తెల్లగా పూసింది, పుట్టీ పొరలు పొరలుగా లేచి వేలితో తాకితే పొడిగా రాలింది. పలక ఒక మూల కుంగి టేకు చట్రానికీ రాతికీ మధ్య చీలిక ఏర్పడింది.

కొత్తగా వచ్చిన మేస్త్రి చేసిన మొదటి మంచి పని, వచ్చిన రోజే సుత్తి పట్టుకోకపోవడం. చెమ్మ బయటినుంచి వస్తోందా, గదిలోని గాలి తేమ ఏసీ చల్లదనానికి గోడ మీద పడుతోందా అని చూడటానికి, మరక మీద ఒక పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి వెళ్లారు. తర్వాత విప్పి చూస్తే తడి షీటుకు గోడ వైపున ఉంది, అంటే అది గోడలోనుంచి వస్తున్నదే. ఆ పైన బయటినుంచి గొట్టంతో నీళ్లు పట్టారు. ముందు గట్టుకు దిగువన, తర్వాత గట్టు మీద, ఆఖరున చట్రం పక్కల అలా కింది నుంచి పైకి పోవాలనీ, పైనుంచి మొదలుపెడితే నీరు ఎక్కడ దూరుతోందో ఎప్పటికీ తేలదనీ వివరించారు. నీరు బయటి రాతి అతుకు దగ్గర దూరి, దట్టించిన మాలు మీదుగా లోపలికి నడుస్తోందని తేలింది.

ఇక కట్టిన తీరు. పాత పలకను, దాని కింది మాలును ఉలితో చిన్న దెబ్బలుగా తీశారు. పెద్ద సుత్తి వాడితే లోపలి పొర కదిలిపోతుంది. కొట్టే ముందు, ఖాళీ వెడల్పుకు కొంచెం తక్కువగా ఉన్న ఒక చెక్క బద్దకు రెండు చివరలా తాడు కట్టి గోడ నడుమకు దించారు. రాలిన ముక్కలన్నీ అడుగుకు పోకుండా ఆ బద్ద మీద పడ్డాయి, దాన్ని పైకి లాగి దులిపి మళ్లీ దించారు. ఈ చిన్న ఉపాయం నేను మరే పనివాళ్ల దగ్గరా చూడలేదు. ఖాళీ శుభ్రమయ్యాక, ‘‘లోపలి రాయి లోపలి గోడ మీదే కూర్చోవాలండీ, బయటి గోడను అది తాకిందంటే మళ్లీ మొదటికొచ్చినట్టే’’ అని చెప్పి, రెండు పొరల మధ్య దళసరి తారు షీటును పరిచారు. దాన్ని గది వైపు పైకి మడిచి, బయటి వైపు వాలుగా దించి, రెండు చివరలను కూడా పైకి లేపి అమర్చారు, పక్కలకు నీరు జారకుండా. పక్క గోడల అంచుల్లోనూ నిలువుగా ఇదే షీటు పెట్టారు. బయటి రాయిని బయటికి వాటం ఇచ్చి, గోడ ముఖానికి రెండంగుళాలు ముందుకు వచ్చేలా వేసి, దాని అడుగున పొడవునా గాడి కోయించారు. ఆ గాడి లేకపోతే అంచు దాకా వచ్చిన నీరు రాతి కిందుగా వెనక్కి పాకి మళ్లీ గోడనే పట్టుకుంటుంది.

లోపలికి చీమకుర్తి నల్ల గ్రానైట్ వాడదామని నేను అనుకున్నాను. కడప రాయి చాలని మేస్త్రి సలహా ఇచ్చారు, అదే వేయించాను. రాయి రకం మీద ఆయన ఎక్కువ మాట్లాడలేదు, ఆ మాట నాకు సబబుగానే తోచింది, ఎందుకంటే ఇక్కడ చెమ్మను ఆపేది రాయి కింద ఉన్న షీటే.

గోడ అడుగున ఉండాల్సిన రంధ్రాలు అసలు కనిపించలేదు. పోయినసారి బయటి రంగు వేసినవాళ్లు పుట్టీతో పూడ్చేశారు. వాటిని వెతికి సన్నని ఊచతో పొడిస్తే తడి ఇసుక ముద్దలుగా వచ్చింది. శుభ్రం చేశాక చీమలూ బల్లులూ దూరకుండా దోమతెర ముక్కలు బిగించారు. ఇది ఒప్పందంలో లేని పని.

పాడైన ప్లాస్టరింగును మరక కనిపించినంత మేరే తీయకుండా, ఉప్పు దిగి ఉంటుందని దాని చుట్టూ మరో అడుగు దాకా తీసి, ఒకటికి నాలుగు పాళ్ల ఇసుకతో మళ్లీ పూశారు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఈ చోట పనికిరాదని ఖండితంగా చెప్పారు. అంగుళం మందానికి సుమారు నెల చొప్పున గోడ ఆరనివ్వాలనీ, అంతవరకూ పుట్టీ, ప్లాస్టిక్ పెయింటు వద్దనీ పట్టుబట్టారు. వెంటనే రంగు పని కూడా ఒప్పుకుంటే వారికి ఆదాయమే, అయినా వదులుకున్నారు. ఆరే కాలంలో గోడ వికారంగా కనిపించే మాట నిజం, ఇంట్లో వాళ్లకు ముందే చెప్పి ఒప్పించుకోవాలి.

లోపాలూ చెప్పాలి. కడప రాతి అంచులు సరిగ్గా పాలిష్ కాలేదు, చేయి ఆనిస్తే గరుకు తగులుతుంది. గదిలో సామాను మీద పట్టాలు కప్పమని రెండుసార్లు అడగవలసి వచ్చింది, అప్పటికే పుస్తకాల బీరువా నిండా దుమ్ము. ఖర్చును కిటికీకి ఇంత అని ముందుగా చెప్పినా, పరంజా అద్దె అందులో లేదన్న సంగతి చివరి రోజు తేలింది. కాగితం మీద రాయించుకోని పక్షంలో ఈ విషయంలో వాదించడానికి ఏమీ ఉండదు, కనుక ఎవరిని పిలిచినా పరంజా, చెత్త ఎత్తడం, రాతి అంచుల పాలిష్ ఈ మూడూ ధరలో ఉన్నాయో లేవో ముందే రాయించుకోండి.

ఆ తర్వాత వచ్చిన వానాకాలంలో ఉత్తరపు కిటికీల కింద చెమ్మ కనిపించలేదు. పడమటి వైపు కిటికీల్లోనూ గట్టు కింద అదే దట్టించిన మాలు ఉంది, ఆ పనిని కూడా ఇదే బృందానికి అప్పగించాను, ఈసారి పరంజా ధరతో కలిపి.