రైన్ ఒడ్డున ఒక రోజు: ఎక్కడ ఓడ, ఎక్కడ రైలు

జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రైన్ నది చూడ్డానికి వెళ్లే మనవాళ్లలో చాలామంది రూడెస్‌హైమ్ అనే ఊళ్లో దిగి, ద్రోసెల్‌గాసె అనే ఇరుకు సందులో ఫొటోలు తీసుకుని తిరిగొచ్చేస్తారు. అమ్మానాన్నలతో వెళ్లినప్పుడు మేం దాన్ని వదిలేశాం. మైంజ్‌లో రైలెక్కి నది ఎడమ ఒడ్డు వెంట బాఖరాఖ్, సాంక్ట్ గోఆర్, బొప్పార్డ్ మీదుగా కొబ్లెంజ్ చేరాం.

ముందు టికెట్ల సంగతి. నలుగురైదుగురు కలిసి వెళ్తుంటే ఈ ఊళ్లున్న రాష్ట్రం పేరుతో ఇచ్చే రైన్‌లాండ్-ఫాల్జ్ డే టికెట్ (రోజంతా చెల్లే రైలు టికెట్) చవక. ఐదుగురి దాకా ఒకే టికెట్. సోమవారం నుంచి శుక్రవారం వరకు మాత్రం ఉదయం 9 తర్వాతే చెల్లుతుంది. ఓడలో ఇది పనికిరాదు, దానికి వేరే డబ్బు కట్టాలి. అందుకే రోజంతా ఓడలో కూర్చోవాలన్న ఆలోచన మానుకోండి. ఖర్చు సరే, రెండు గంటలు దాటితే కోటలన్నీ ఒకేలా కనిపిస్తాయి. బాఖరాఖ్ నుంచి సాంక్ట్ గోఆర్ దాకా ఓడ, మిగతాదంతా రైలు. ప్రవాహంతో పాటు కిందికి వెళ్తాం కాబట్టి టైమూ తక్కువే.

అన్నిట్లో నాకు నచ్చింది బాఖరాఖ్. కర్రల చట్రాల మధ్య గోడ కట్టిన పాత ఇళ్లు, వాటిలో 1368 నాటి ఆల్టెస్ హౌస్ ఒకటి. వెనకే ద్రాక్షతోటల్లోకి మెట్లదారి ఉంది, పది నిమిషాలు ఎక్కితే ఊరూ నదీ రెండూ కనిపిస్తాయి. మోకాళ్ల నొప్పులున్నా అమ్మ ఎక్కేసింది. పైనున్న ష్టాలెక్ కోట ఇప్పుడు యూత్ హాస్టల్. కోటలో పడుకోవాలన్న సరదా ఉంటే తక్కువలో తీరేది ఇక్కడే, కాకపోతే సూట్‌కేసులతో ఆ ఎక్కుడు కష్టం.

ఓడ కదిలిన కాసేపటికి కౌబ్ దగ్గర నది మధ్యలో తెల్లటి చిన్న కోట వస్తుంది. వచ్చీపోయే పడవల దగ్గర సుంకం వసూలు చేయడానికి 14వ శతాబ్దంలో కట్టింది. 2022 ఆగస్టు కరువులో ఈ కౌబ్ దగ్గరే నీటిమట్టం కొలత 40 సెంటీమీటర్ల కిందికి పడిపోయి సరుకు ఓడలు సగం బరువుతో నడిచాయి. తర్వాత పాటల్లో పేరున్న లోరెలై కొండ, 132 మీటర్ల ఎత్తు. నది ఇరుకై మలుపు తిరిగేది అక్కడే. ఓడ మైకులో ఆ పాట పెడతారు, అందరూ లేచి ఒక పక్కకు వస్తారు. నిజం చెప్పాలంటే అది మామూలు రాతికొండ. “మన పాపికొండల ముందు ఇదెంత” అని నాన్న తేల్చేశారు. కొండల వరకు ఆయన మాట ఒప్పుకుంటాను, కోటల విషయంలో కాదు.

సాంక్ట్ గోఆర్‌లో పైనున్న రైన్‌ఫెల్స్ కోట శిథిలాలు పిల్లలకు నచ్చుతాయి, పెద్దవాళ్లకు నడక ఎక్కువ. అక్కడ శక్తి మిగుల్చుకుని బొప్పార్డ్‌లో చెయిర్‌లిఫ్ట్ ఎక్కడం మేలు. పైనుంచి చూస్తే నది నాలుగు చెరువులుగా విడిపోయినట్టు ఉంటుంది. తిండికి మాంసం తిననివాళ్లు ఫ్లామ్‌కూఖెన్ (పిజ్జా లాంటి పల్చటి రొట్టె) అడగండి. పంది మాంసం ముక్కలు లేకుండా అని ముందే చెప్పాలి. నీళ్లు అడిగితే గ్యాస్ ఉన్నవి తెచ్చేస్తారు, “ష్టిల్లెస్” అనండి.

రాత్రి బసకు నది కనిపించే గది అని మురిసిపోకండి. ఈ లోయలో రెండు ఒడ్డుల వెంటా రైలు పట్టాలే, గూడ్సు బళ్లు తెల్లవార్లూ నడుస్తాయి. మేం దిగిన గెస్ట్‌హౌస్‌లో బ్రేక్‌ఫాస్ట్ బ్రహ్మాండం, నిద్ర మాత్రం సున్నా. లిఫ్ట్ లేదన్నది చేరాక చెప్పారు. వెనక వైపు గది, అదీ కింది అంతస్తులో అడగండి. మైంజ్, కొబ్లెంజ్ మధ్య రైన్ మీద ఒక్క వంతెన కూడా లేదు, అవతలి ఒడ్డుకు ఫెర్రీనే దిక్కు. కాబట్టి చవకని ఎదురొడ్డున రూమ్ తీసుకునే ముందు ఆఖరి ఫెర్రీ ఎన్నింటికో చూసుకోండి. ఆదివారం అయితే సూపర్‌మార్కెట్లు మూసే ఉంటాయి, పెరుగూ నీళ్లూ శనివారమే కొనిపెట్టుకోవాలి.