బెలూమా, బిల్లసర్గమా: ఆదిమానవుడి గుహ చూడాలంటే ఏది మేలు?

సెలవులొస్తే చాలు, గుంటూరులో తెలిసినవాళ్లంతా నన్నిదే అడుగుతారు. పిల్లలకి ఆదిమానవులున్న గుహ చూపించాలి, బెలూం వెళ్లమంటారా, బిల్లసర్గమా అని. పక్కనే ఉండవల్లి ఉందిగా అంటారు కొందరు. అది మనుషులు కొండని తొలిచిన గుడి, ఈ లెక్కలోకి రాదు. గుత్తికొండ బిలానికి ముచుకుందుడి కథ కోసం వెళ్లండి. బొర్రా అందమే అందం, కానీ మనకి మరీ దూరం.

బెలూం పేరుకి తగ్గ గుహే. పొడవు 3,229 మీటర్లు. అందులో కిలోమీటరున్నర దాకా లైట్లు పెట్టి చూపిస్తారు. గుహ అడుగున నీళ్లుండే పాతాళగంగ దాకా దిగొచ్చిన పిల్లలు ఇంటికొచ్చాక కూడా దాని ముచ్చటే చెబుతారు. ఒకప్పుడు బౌద్ధ, జైన సన్యాసులు అక్కడ తలదాచుకున్నారు. అయితే మెట్లు దిగి నాలుగడుగులు వేశామో లేదో, పగటి వెలుతురు పోతుంది, ఉక్కపోత మొదలవుతుంది. కరెంటు లేకపోతే కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. అంత లోపల పిల్లాజెల్లాతో కాపురం ఎలా చేస్తారు?

నా వరకు తేల్చేది ఆ వెలుతురే. పాతకాలపు మనుషులు ఎక్కువగా బతికింది గుహ నోటి దగ్గరే. బేతంచెర్ల పక్కనున్న బిల్లసర్గంలో తలెత్తితే ఆకాశం కనిపిస్తుంది, చుట్టూ రాతి గోడల్లో గుహలు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. 1884-85లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ తవ్వకాలు జరిపింది ఇక్కడే. దొరికిన ఖడ్గమృగం ఎముకలను బట్టి ఆ జాతికి కర్నూలు పేరే పెట్టారు. ఎముకతో చేసిన పనిముట్లూ దొరికాయి. ఆ ప్రాంతంలోనే ముచ్చట్ల చింతమాను గవి అనే గుహలో 1970ల్లో తవ్వితే పొయ్యి ఆనవాళ్లు బయటపడ్డాయి, దాదాపు 17,000 ఏళ్ల కిందటివి!

మొన్న సంక్రాంతికి మా అక్క పిల్లల్ని తీసుకెళ్లాను. ఎండ ఆగిపోయి నీడ మొదలయ్యే చోట చిన్నది చతికిలబడింది. "మామయ్యా, వంట ఇక్కడ, పడక అదిగో అక్కడ" అంటూ లోపలికి వేలు చూపించింది. పొయ్యి సంగతి అప్పటికి నేనింకా చెప్పనేలేదు.

రెండు రోజులుంటే రెండూ చూడండి. ఒక్కరోజే అయితే బిల్లసర్గమే. గుంటూరు నుంచి నంద్యాల మీదుగా డోన్ వెళ్లే రైలు దారిలోనే బేతంచెర్ల స్టేషనుంది. నీళ్లు, తినడానికేమైనా, ఒక టార్చిలైటు వెంట ఉంచుకోండి.