పాత పేటల ఫొటోలకు ఏది మేలు: ఫోనా, కెమెరానా?

నెల్లూరు పాత పేటల ఫొటోలు పెట్టిన ప్రతిసారీ అడిగేవాళ్లు ఒకటే అడుగుతారు: ఏ కెమెరా? మూలాపేట, కోటమిట్ట, స్టోన్‌హౌస్‌పేట సందులు తిరగాలని ఉన్న కుర్రాళ్లు, కెమెరా కొనేదాకా ఆగాలా అని కూడా అడుగుతున్నారు. రెండూ పట్టుకుని తిరుగుతున్నవాణ్ని కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

రంగనాయకస్వామి గాలిగోపురం, బారాషహీద్ దర్గా రొట్టెల పండగ అందరూ తీసేవే. 2021 దసరాకి స్టోన్‌హౌస్‌పేట కన్యకాపరమేశ్వరి అమ్మవారిని ఐదు కోట్లకు పైగా నోట్లతో అలంకరిస్తే ఆ ఫొటో దేశమంతా తిరిగింది. ఆ చుట్టుపక్కల వీధుల్ని మాత్రం ఎవరూ తీయరు. నేను మాట్లాడేది వాటి గురించి.

ముందు నాణ్యత సంగతి. సందులో నిలబడి ఇంటి ముఖం మొత్తం పట్టాలంటే కావలసింది వెడల్పు. లెన్సు మీది ఎంఎం అంకె ఎంత చిన్నదైతే అంత వెడల్పు పడుతుంది. ఫోనులో మెయిన్ కెమెరా సుమారు 24–26 ఎంఎం. మామూలు డీఎస్ఎల్ఆర్‌తో (లెన్సు మార్చుకునే పెద్ద కెమెరా) వచ్చే 18–55 జూమ్ లెన్సుని 18 దగ్గర పెడితే, లోపలి సెన్సర్ చిన్నది కాబట్టి అదీ 27–29 ఎంఎం కిందే లెక్క. ఏది పట్టుకున్నా ఎదురింటి గోడకి వీపు ఆనించక తప్పదు. కెమెరా గెలిచేది తలెత్తి చూసినప్పుడు. పాత మిద్దెల పిట్టగోడ మీద సున్నంతో చేసిన చిలకలు, ఇల్లు కట్టిన సంవత్సరం అంకెలు ఉంటాయి. లెన్సుని 55 దాకా జూమ్ చేసి తీస్తే ఆ అంకెల మీద ఏటేటా వేసిన వెల్ల పొరలు కూడా విడివిడిగా కనబడతాయి. ఫోనులో లాగి తీస్తే అలికినట్టు వస్తుంది. లైట్లు వేసే వేళకి కూడా కెమెరాదే పైచేయి. ఆచారి వీధిలో కంసాలి చేతుల మీద మాత్రమే పడే బల్బు వెలుగుని, ఫోను గదంతా పరిచి తెల్లగా చేసేస్తుంది.

మనుషుల దగ్గరికొస్తే తీర్పు అంత తేలిక కాదు. పెద్ద కెమెరా కనబడితే జనం బెదురుతారు. మూలాపేటలో అరుగు మీద కూర్చున్న ఒక అవ్వ నన్ను చూసి, “ఏందబ్బాయా, కొలతలు తీసుకుంటా ఉండావా? రోడ్డు పెంచుతారా?” అని లేచి నిలబడింది. “లేదవ్వా, ఇల్లు బాగుందని తీస్తున్నా” అంటే, బర్మా టేకు స్తంభాల్ని చూపించడానికి లోపలికి పిలిచింది. అదే ఫోనుతో తీస్తే ఎవరూ పట్టించుకోరు. కానీ దొంగచాటుగా రీల్ తీస్తున్నారన్న అనుమానం ఫోనుకే ఎక్కువ. ఏది చేతిలో ఉన్నా అడిగి తీయడమే పద్ధతి.

నా మటుకు తేల్చేది వీటిలో ఏదీ కాదు. ఫొటో ఎక్కడ తీశారు, ఎప్పుడు తీశారు అన్నదే.

2021 నవంబరులో పెన్న పొంగి భగత్‌సింగ్ కాలనీ, వెంకటేశ్వరపురం నీట మునిగాయి. అప్పుడు వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు నా దగ్గర చాలా ఉన్నాయి. ఒకదాంట్లో నీలం గోడ, కిటికీ కిందిదాకా బురద గీత, పక్కన బోర్లాపడిన నులక మంచం. ఏ వీధి? నీళ్లు ఏ రోజు తీశాయి? చెప్పేవాళ్లు లేరు. ఆ మూల పెన్న ఎంత ఎత్తుకి వచ్చిందో చూపించాల్సిన ఫొటో, ఇప్పుడు ఉత్త తడిగోడ ఫొటో. పాత ఇళ్లకీ ఇదే గతి. పడగొట్టి అపార్ట్‌మెంటు లేపాక, ఆ అరుగు ఎక్కడుండేదో పక్కింటివాళ్లకే గుర్తుండదు.

ఫోనులోని కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆన్ చేసి ఉంటే, ఫోను తీసిన చోటునీ తేదీనీ ఫొటోలోనే రాసేస్తుంది. మొదటిసారి కొనే డీఎస్ఎల్ఆర్‌లలో చాలావాటికి జీపీఎస్ ఉండదు. కొన్ని కంపెనీల యాప్‌లు బ్లూటూత్‌తో ఫోను నుంచి లొకేషన్ అందిస్తాయి గానీ, నడుస్తూ ఉంటే ఆ లింకు మధ్యలో తెగిపోతుంటుంది. ఇంకో జాగ్రత్త: వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఈ వివరాలన్నీ పోతాయి, డాక్యుమెంటుగా పంపితే ఉంటాయి.

వీధిలోంచి కనబడే కట్టడాన్ని తీసి నలుగురికీ చూపించడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వీలిస్తుంది. ఎవరైనా ఫొటోలు పెట్టి, అందరూ ఉచితంగా వాడుకునే వికీమీడియా కామన్స్ సైటులోకి ఎక్కిస్తే ఫొటోలోని అక్షాంశ రేఖాంశాలు వాటంతటవే చేరతాయి. అయితే మనుషులు కాపురముంటున్న ఇల్లయితే వాళ్లని అడగండి. వద్దంటే లొకేషన్ తీసేసి పెట్టండి, మీ కాపీలో ఉంచుకోండి.

వెలుగుకి ఫోనూ కెమెరా తేడా లేదు. మన నెల్లూరులో ఏప్రిల్ చివర్లో, మళ్లీ ఆగస్టు మధ్యలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు. చూరు నీడ నల్లగా పడి అరుగు మీద మనిషి ముఖం కనబడదు. డిసెంబరు, జనవరిల్లో ఎండ దక్షిణం నుంచి ఏటవాలుగా పడుతుంది కాబట్టి దక్షిణముఖం ఇళ్లు పగలంతా బాగుంటాయి. వానలు వెనకబట్టాక తిరగడానికి అదే అదును.

డ్రోన్ గురించి అడిగినవాళ్లకి: వద్దు. కరెంటు తీగలు, డాబాల మీద ఆరేసిన బట్టలు, జనం చిరాకు. ఫిల్మ్ రీలు వేసే పాతకాలం కెమెరా మోజు ఉంటే సరదాకి తీసుకోండి, రికార్డుకి మాత్రం పనికిరాదు.

కెమెరా ఇప్పటికే ఉంటే బీరువాలో పెట్టనక్కర్లేదు. ఫోను గడియారం, కెమెరా గడియారం ఒకటే టైము చూపించేలా పెట్టుకుని, ప్రతి వీధి మొదట్లో ఫోనుతో ఒక ఫొటో తీయండి. ఇంటికొచ్చాక డిజికామ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ లొకేషన్‌ని కెమెరా ఫొటోలకి చేర్చవచ్చు. లేనివాళ్లు కొనేదాకా ఆగొద్దు. జేబులో ఉన్న ఫోనుతోనే, ఈ ఆదివారం పొద్దున ఎండ ముదరకముందే మూలస్థానేశ్వర స్వామి గుడి చుట్టూ ఉన్న వీధుల్లో మొదలుపెట్టండి.